కెమెరాను స్క్రిప్ట్‌తో నడపాలంటే కమాండ్ పిలవాలా, లైబ్రరీనే పట్టుకోవాలా?

చీమకుర్తి కుర్రోడు:
మాది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీ. పాలిష్ అయిన ప్రతి స్లాబ్‌నూ పైన బిగించిన కానన్ 1500డీతో ఫోటో తీసి, నంబరు వేసి బయ్యర్‌కి పంపాలి. గెలాక్సీ రాయి నల్లటి అద్దం లాంటిది. లోపలి బంగారు చుక్కలు ప్రతి ఫోటోలో ఒకేలా పడాలంటే లైటు, షట్టరు మారకూడదు. అందుకే ఫోన్ పనికిరాలేదు.

లైనక్స్ వేసిన పాత డెస్క్‌టాప్‌లో పైథాన్ స్క్రిప్ట్, కెమెరాను కంప్యూటర్ నుంచి నడిపే జీఫోటో2 అనే కమాండ్‌ని పిలుస్తోంది. ఫోటోకి 4 సెకన్లు పడుతోంది, స్లాబ్ అంతసేపు ఆగదు. ఆ కమాండ్ లోపల వాడేది లిబ్‌జీఫోటో2 అనే సీ లైబ్రరీ. పైథాన్ నుంచి సీ కోడ్‌ని పిలిచే సీటైప్స్‌తో ఆ లైబ్రరీనే నేరుగా పిలిస్తే మేలా? మా బావ మాత్రం నడిచేదాన్ని కెలకొద్దంటున్నాడు.

ఒంగోలు గిత్త:
మీ బావ మాట విను తమ్ముడూ. కమాండ్ ఫెయిలైతే ఎర్రర్ కోడ్ వస్తుంది, నీ స్క్రిప్ట్ బతికే ఉంటుంది. సీ లైబ్రరీని ఇంట్లోకి తెచ్చుకున్నాక ఒక్క పాయింటర్ (మెమరీ అడ్రస్) తప్పితే సెగ్మెంటేషన్ ఫాల్ట్, స్క్రిప్ట్ మొత్తం అక్కడికక్కడే చస్తుంది. ట్రై, ఎక్సెప్ట్ ఎన్ని రాసినా దాన్ని పట్టుకోలేవు. రాత్రి షిఫ్టులో ఫోన్ ఎవరికొస్తుంది? నీకే.

నెల్లూరు గూడబాతు:
నేలపట్టులో (ఇప్పుడది తిరుపతి జిల్లా అనుకోండి, మాకింకా నెల్లూరే) పక్షుల గూళ్ల దగ్గర 5 నిమిషాలకో ఫోటో తీశాను. కమాండే వాడాను, ఏ ఇబ్బందీ రాలేదు.

కావలి మాస్టారు:
5 నిమిషాలకోసారి అయితే కమాండే చాలండీ, వాదన లేదు. ఈ అబ్బాయి బాధ వేరు. ఆ 4 సెకన్లలో క్లిక్ అయ్యేది కొంచెమే. కమాండ్ పిలిచిన ప్రతిసారీ యూఎస్‌బీలో కెమెరాను వెతకాలి, సెషన్ తెరవాలి, ఫోటో తీయాలి, దించుకోవాలి, సెషన్ మూయాలి. లైబ్రరీ అయితే పొద్దున ఒక్కసారి ఇనిట్ చేసుకుంటే (అంటే సెషన్ తెరిచి పెట్టుకుంటే), తర్వాత తీయడం, దించుకోవడమే.

కానీ సీటైప్స్ వద్దు. నేను దెబ్బతిన్నాను. ఫోటో తీశాక లైబ్రరీ ఫైల్ పేరుకి 128 బైట్లు, ఫోల్డర్‌కి 1024 బైట్లు ఉన్న స్ట్రక్చర్‌ని (మెమరీలో వరుసగా ఉండే గళ్లని) నింపుతుంది. పేరు ముందు, ఫోల్డర్ తర్వాత. నేను తిరగేసి రాశాను. ఫోల్డర్ ఉండాల్సిన చోట పేరు, పేరు ఉండాల్సిన చోట ఖాళీ. ఎర్రర్ రాలేదు, క్రాష్ కాలేదు. రెండు రోజులు కేబుల్‌ని తిట్టుకున్నాను. ఆ లైబ్రరీని పైథాన్‌కి కలిపే పైథాన్-జీఫోటో2 అనే రెడీమేడ్ బైండింగ్ ఉంది, ఈ లెక్కలన్నీ అదే చూసుకుంటుంది.

ఒంగోలు గిత్త:
మాస్టారూ, దానికీ లైబ్రరీ ఎందుకండీ? జీఫోటో2 కమాండ్‌నే ఫోటోల మధ్య పెద్ద ఇంటర్వెల్ ఇచ్చి ఒక్కసారి స్టార్ట్ చేసి వదిలేస్తే సరి. కావాల్సినప్పుడు దానికి యూఎస్ఆర్1 అనే లైనక్స్ సిగ్నల్ పంపితే వెంటనే క్లిక్ కొడుతుంది. సెషన్ తెరిచే ఉంటుంది, మన స్క్రిప్ట్‌కి ప్రమాదం లేదు.

కావలి మాస్టారు:
తెలివైన పనే. కానీ సిగ్నల్‌కి జవాబు ఉండదు. 37వ స్లాబ్ దగ్గర ఫోకస్ దొరక్క ఫోటో పడలేదనుకోండి, 38వ దాని ఫోటోకి 37 నంబరు పడుతుంది. అక్కడి నుంచి సాయంత్రం దాకా అన్నీ ఒకటి వెనక్కి. బయ్యర్ ఫోటోలో చూసింది ఒక రాయి, కంటైనర్‌లో దిగింది ఇంకో రాయి. లైబ్రరీలో ఏ ఫోటోకి ఆ ఫోటో రిటర్న్ కోడ్, ఫైల్ పేరు చేతికిస్తుంది.

ఒంగోలు గిత్త:
నంబర్ల సంగతి ఒప్పుకుంటాను. అయినా ఆ లైబ్రరీ మెయిన్ స్క్రిప్ట్‌లో వద్దు. కెమెరా భాగాన్ని వేరే ప్రాసెస్‌గా నడుపు తమ్ముడూ. అది చస్తే మెయిన్ స్క్రిప్ట్ మళ్లీ లేపుతుంది.

చీమకుర్తి కుర్రోడు:
ఇద్దరి మాటా విన్నాను. పైథాన్-జీఫోటో2, వేరే ప్రాసెస్‌లో. ఫోటోకి 2 సెకన్ల లోపే వస్తోంది. మొదటి రోజు మాత్రం -53 ఎర్రర్‌తో టెన్షన్ పెట్టింది. చూస్తే, కెమెరా గుచ్చగానే లైనక్స్ డెస్క్‌టాప్‌తో వచ్చే జీవీఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రాం దాన్ని ముందే పట్టేసుకుని కూర్చుంది. అది ఆపాక సరిపోయింది.

పాత కమాండ్ స్క్రిప్ట్ తీసెయ్యలేదు. బావ దానికి డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టించుకున్నాడు.