చవక ట్యాబ్ కొనొచ్చా, కొంచెం ఆగి మంచిదే కొనాలా?

పుస్తకాలపురుగు:

మా నాన్నకి ఒక ట్యాబ్ కొనాలి. ఆయనకి 72 ఏళ్లు. ఫోన్‌లో అక్షరాలు ఆనడం లేదు. పొద్దున్నే పేపరు చదవాలి, స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్‌లు చదువుకోవాలి, సాయంత్రం మనవరాలితో వీడియో కాల్ మాట్లాడాలి. అంతే. ఆటల్లేవు, ఎడిటింగ్ లేదు. మా అన్నయ్యేమో "చవక ట్యాబ్ ఏడాది తిరక్కుండానే మూలన పడుతుంది, పెట్టే డబ్బేదో మంచిదానికే పెట్టు" అంటున్నాడు. ఈ మాత్రం పనికి అందులో నాలుగో వంతు ధరకి వచ్చేది చాలదా అని నేను. ఇద్దరం వారం రోజులుగా ఇదే గొడవ.

నేను చూసి పెట్టుకున్నదానికి 10.1 అంగుళాల స్క్రీన్, 1280×800 రిజల్యూషన్, 32 జీబీ స్టోరేజ్. డబ్బా మీద 8 జీబీ ర్యామ్ అని వేశారు. వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి, ప్లీజ్.

మరమ్మతుబల్ల:

వద్దండీ. పదకొండేళ్లుగా ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేస్తున్నాను. మీ అన్నయ్యగారి మాటే నాదీ.

ముందు ఆ డబ్బాని దగ్గర పెట్టుకుని చూడండి. 8 జీబీ అని పెద్ద అక్షరాలతో వేసి, పక్కనే చిన్నగా 3+5 అని ఉంటుంది. అసలు ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లు నడవడానికి వాడుకునే జాగా, 3 జీబీయే. మిగతా 5 స్టోరేజ్‌లోంచి తెచ్చుకున్న అరువు. స్టోరేజ్ ఎప్పుడూ ర్యామ్ కంటే చాలా నెమ్మది. ఆ అరువు సొమ్ము వాడకంలోకి వచ్చిందంటే ట్యాబ్ ఈడవడం మొదలుపెడుతుంది.

ఆ స్టోరేజ్ కూడా ఏ రకమో చూడాలి. ఈ ధరలో వచ్చేవాటిలో దాదాపు అన్నిటికీ ఈఎమ్ఎమ్‌సీయే. అది ఒకసారికి ఒక పనే చేస్తుంది, చదవడమో రాయడమో. పై రకం ట్యాబ్‌లలో ఉండే యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేయగలదు. మీ నాన్నగారు పొద్దున్నే పేపరు యాప్ నొక్కే సమయానికి వెనకాల నాలుగు యాప్‌లు అప్‌డేట్ అవుతున్నాయనుకోండి. ఆ రాత మధ్యలో సందు దొరికేదాకా ఈయన చదువు క్యూలో నిలబడాల్సిందే. మనం దాన్నే "హ్యాంగ్ అయింది" అంటాం. పైగా 32 జీబీలో పెద్ద భాగం సిస్టమే మింగేస్తుంది. మిగిలినది ఫోటోలతో, వచ్చిపడే వీడియోలతో నిండేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. "కొన్న కొత్తలో బాగానే ఉండేది" అంటూ నా దగ్గరికి తెచ్చేవాళ్లందరిదీ ఇదే కథ. చాలాసార్లు అందులో నేను బాగుచేయడానికి ఏమీ ఉండదు. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి ఇస్తాను, ఆరు నెలలకి మళ్లీ వస్తారు.

ఇద్దరుపిల్లలఅమ్మ:

నేను ఒప్పుకోను. మా ఇంట్లో చవక ట్యాబ్ నాలుగో ఏడు నడుస్తోంది. 8 అంగుళాలది, 2 జీబీ ర్యామే.

నేను చేసింది చెప్తాను. కొన్న రోజే కూర్చుని, అక్కర్లేని యాప్‌లన్నీ తీసేశాను. తీయడానికి వీల్లేనివాటిని డిజేబుల్ చేశాను. మిగిలినవి మూడే: వీడియోలు చూసేది, బొమ్మలు వేసేది, కథలు చదివేది. ఆటో అప్‌డేట్ ఆపేశాను. నెలకోసారి పిల్లలు పడుకున్నాక నేనే చేసి పెడతాను. వీడియోలన్నీ మెమరీ కార్డులోకి వెళ్తాయి. అన్ని పనులూ దాని నెత్తిన వేయం కాబట్టి అది మొరాయించదు.

ఇంకో మాట. రెండో ఏడు మా చిన్నవాడు మంచం మీంచి పడేశాడు. కుడివైపు మూల గ్లాస్ సాలెగూడులా పగిలింది. నేను వాణ్ని కోప్పడలేదు. దెబ్బ తగిలిందేమోనని ముందు వాడి కాలు చూశాను. అదే ఖరీదైన ట్యాబ్ అయ్యుంటే నా చూపు ముందు దేని మీదికి పోయేదో నాకు తెలుసు. టేపు అంటించి పది రోజులు వాడాం, తర్వాత గ్లాస్ ఒక్కటే మార్పించాం. మా వదిన వాళ్లింట్లో మంచి ట్యాబ్ ఉంది. పిల్లలు అడిగితే "అది నాన్నది, ముట్టుకోకు" అంటారు, బీరువాలో ఉంటుంది.

మరమ్మతుబల్ల:

అమ్మా, గ్లాస్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. చవక ట్యాబ్‌లలో సాధారణంగా టచ్ గ్లాస్ వేరు, డిస్‌ప్లే వేరు. మధ్యలో సన్నగా గాలి ఉంటుంది. దానివల్ల బొమ్మ కాస్త లోపలికి ఉన్నట్టు కనిపిస్తుంది, వెలుతురులో మెరుపు ఎక్కువ. కానీ పగిలినప్పుడు గ్లాస్ ఒక్కటే ఊడదీసి మార్చొచ్చు. ఖరీదైనవాటిలో రెండూ కలిపి అతికించేస్తారు. చిన్న పగులుకి కూడా కాంబో మొత్తం మార్చాల్సిందే. చవకదానిలో ఇది లోపంగా రాస్తారు గానీ, బాగుచేసేవాడికి ఇదో వరం.

అయితే నా దగ్గరికి గ్లాసుల కంటే ఎక్కువగా వచ్చేవి చార్జింగ్ పిన్‌లు. 10 వాట్ల చార్జర్‌తో ఇంత పెద్ద బ్యాటరీ నిండడానికి గంటలు పడుతుంది. అందరూ చార్జింగ్‌లో పెట్టే వాడతారు, వైరు అటూ ఇటూ లాగుతారు, పిన్ వదులైపోతుంది. పేరున్న కంపెనీదైతే ఆ పిన్ ఉండే చిన్న బోర్డు తెప్పించి అరగంటలో వేసేస్తాను. ఊరూ పేరూ లేనిదైతే బోర్డు దొరకదు. మోడల్ పేరు ఒకటే, లోపల చూస్తే ఒక్కోదానిలో ఒక్కో బోర్డు. మీది నాలుగేళ్లు నడిచిందంటే మీ చేతి శుభ్రత అది. అందరూ అలా వాడరు.

కోడ్‌గూడు:

మీరిద్దరూ వస్తువు గురించే మాట్లాడుతున్నారు. నేను యాప్‌లు రాస్తాను, నా టెన్షన్ అంతా సాఫ్ట్‌వేర్ మీదే.

స్టోరేజ్ నెమ్మది గురించి ఒక పాత ముచ్చట. గూగుల్ 2012లో ఏసుస్‌తో చేయించిన నెక్సస్ 7 అప్పట్లో తక్కువ ధర ట్యాబ్ అంటే ఇలా ఉండాలి అనిపించింది. కొన్ని నెలలకే జనం నెమ్మదించిందని మొత్తుకున్నారు. స్టోరేజ్‌లో మనం చెరిపేసిన చోటుని ఖాళీ అయిందని చిప్‌కి చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు లేకపోవడం అందుకు ఒక కారణం. 2013లో ఆండ్రాయిడ్ 4.3తో అది వచ్చింది, అవే ట్యాబ్‌లకి మళ్లీ ప్రాణం వచ్చింది. అంటే వస్తువు చవకదే అయినా వెనక నిలబడి అప్‌డేట్ ఇచ్చేవాడుంటే బతుకుతుంది. మీరు చూసి పెట్టుకున్నదానికి అలాంటివాడు ఉన్నాడా? డబ్బా మీద ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షన్ అని కాదు, ఎన్నేళ్లు అప్‌డేట్‌లు ఇస్తామని రాతపూర్వకంగా చెప్పారో అది చూడండి. క్రోమ్ 2025లో ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసింది. మిగతా యాప్‌లూ అదే దారిలో ఒక్కొక్కటిగా వదిలేస్తాయి. ట్యాబ్ బాగానే వెలుగుతుంది, వీడియో కాల్ యాప్ మాత్రం తెరుచుకోదు.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకీ ట్యాబ్‌లకీ కొత్త నిబంధనలు వచ్చాయి. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం 5 ఏళ్లు అప్‌డేట్‌లు అందుబాటులో ఉంచాలి, 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి. కొనబోయే మోడల్ అక్కడా అమ్ముతున్నారేమో చూసుకుంటే అదో చిన్న భరోసా.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. అసలు పేరే వినని బ్రాండ్‌ల జోలికి పోవద్దు. 2025 మార్చిలో హ్యూమన్ సెక్యూరిటీ అనే సంస్థ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే వ్యవహారాన్ని బయటపెట్టింది. చవక టీవీ బాక్సులు, ట్యాబ్‌లు, ప్రొజెక్టర్లు కలిపి పది లక్షలకు పైగా పరికరాల్లో దొంగ సాఫ్ట్‌వేర్ దొరికింది. కొన్నిట్లో కొనకముందే దూరి కూర్చుంది. అవన్నీ ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్, అంటే పరికరాన్ని పరీక్షించి గూగుల్ ఇచ్చే ధ్రువీకరణ, లేనివే. ట్యాబ్ చేతికి రాగానే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ కింద సర్టిఫై అయిందో లేదో చూడండి. లేకపోతే అదే రోజు వాపసు చేసేయండి. నాన్నగారి ఫోటోలు, కాంటాక్టులు అన్నీ అందులోకే వెళ్తాయి కదా.

పాతదిచాలు:

కొత్త చవకదాని బదులు పాత మంచిది కొనండి. ఐప్యాడ్ ఎయిర్ 2 అనేది 2014లో వచ్చింది, 2021లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 15 దాకా అప్‌డేట్‌లు అందుకుంది. అంటే ఏడేళ్లు. మూడేళ్లు వాడిన మంచి ట్యాబ్‌కి ఇంకా మూడు నాలుగేళ్ల ఆయుష్షు ఉంటుంది, స్క్రీన్ కళ్లకి హాయిగా ఉంటుంది. నేను రెండుసార్లు ఇలాగే కొన్నాను, రెండూ బాగున్నాయి.

మరమ్మతుబల్ల:

కొనేటప్పుడు బల్ల మీద పెట్టి చూడండి. వెనక ప్యానెల్ కొంచెం ఊగినా, స్క్రీన్ అంచు పైకి లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం, తీసుకోవద్దు. పాత యజమాని ఖాతాలోంచి లాగౌట్ అయ్యాడో లేదో ఆయన ముందే చూసుకోవాలి. చూసి కొనగలిగినవాళ్లకి ఇది మంచి దారే. తెలియనివాళ్లకి నేను చెప్పను.

పుస్తకాలపురుగు:

అందరికీ థాంక్స్. మీ మాటలన్నీ అన్నయ్యకి చదివి వినిపించాను. తర్వాత వాదన ఆపేసి ఒక పని చేశాం. మా ఆఫీసులో ఒకరి దగ్గర అచ్చం నేను చూసిన మోడలే ఉంది. రెండు రోజులకి అడిగి తెచ్చి నాన్న చేతిలో పెట్టాం.

వీడియో కాల్ బాగానే పనిచేసింది. పేపరు యాప్ తెరుచుకోవడానికి టైమ్ పట్టింది గానీ ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. పుస్తకం దగ్గరే వచ్చింది చిక్కు. స్కాన్ పీడీఎఫ్‌లో ఒక్కో పేజీ ఒక్కో పెద్ద ఫోటో. పేజీ తిప్పడానికి వేలితో లాగారు, స్క్రీన్ కదల్లేదు. సరిగ్గా తగల్లేదేమో అనుకుని ఇంకోసారి లాగారు. మూడు సెకన్ల తర్వాత రెండు పేజీలూ కలిసి తిరిగిపోయాయి. వెనక్కి తిప్పబోతే మళ్లీ అదే. నాలుగైదు సార్లు అలా అయ్యాక ట్యాబ్ పక్కన పెట్టి "నాకు చేతకావడం లేదురా" అన్నారు. తప్పు ట్యాబ్‌ది నాన్నా అంటే నమ్మలేదు. నాకైతే స్లో అంటే చిరాకు. ఆయనకి స్లో అంటే తన వల్ల కావడం లేదని. అది చూశాక నా మనసు మారింది.

రెండోది అక్షరాలు. 10.1 అంగుళాలకి 1280×800 అంటే అంగుళానికి 149 చుక్కలు. ఇంగ్లీషు పుస్తకం బాగానే ఉంది. తెలుగు పేజీలో ఒత్తుల దగ్గర దెబ్బతింది. త ఒత్తుకీ న ఒత్తుకీ తేడా కనిపించక నాన్న కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అదే పేజీ అన్నయ్య ట్యాబ్‌లో పెట్టి చూస్తే ఒత్తులు విడివిడిగా కనిపించాయి. అదే సైజు, 1920×1200, అంటే 224 చుక్కలు.

కాబట్టి నేను చూసింది వద్దు. అన్నయ్య చెప్పేంత పైదీ వద్దు. పేరున్న కంపెనీ బడ్జెట్ మోడల్, నిజమైన 4 జీబీ ర్యామ్, 64 జీబీ, 1920×1200 స్క్రీన్, దీనికి అన్నయ్య కూడా సరే అన్నాడు. నా మొదటి లెక్క కంటే సగం ఎక్కువవుతుంది. సగం తను వేసుకుంటానన్నాడు.

కోడ్‌గూడు:

ఆ రకంలో 2023లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ లాంటివి చూడండి. 11 అంగుళాలు, 1920×1200. దాని తమ్ముడు ఏ9 మాత్రం 1340×800, స్క్రీన్ కూడా చిన్నది. పేర్లు ఒకేలా ఉంటాయి, పొరబడకండి.

మరమ్మతుబల్ల:

దీనికి నా అభ్యంతరం లేదు. పీడీఎఫ్ సంగతి ఇంకో మాట: ఆ స్కాన్ ఫైళ్లను కంప్యూటర్‌లో సైజు తగ్గించి ఎక్కించండి. ఏ ట్యాబ్‌లోనైనా పేజీ తేలిగ్గా తిరుగుతుంది. ఒత్తులు చెదరకుండా చూసుకుని తగ్గించండి.

ఇద్దరుపిల్లలఅమ్మ:

మీ నాన్నగారి మాట చదివి నాకు బాధేసింది. మా పిల్లలు ట్యాబ్ ఆగిపోతే దాన్నే తిడతారు, తమని తాము తిట్టుకోరు. ఈ తేడా నేను ఆలోచించలేదు. చవకది చాలు అని ఇప్పటికీ అంటాను గానీ, పెద్దవాళ్ల కోసం అయితే కొనేముందు వాళ్ల చేతికిచ్చి చూడమని ఇకమీద చెప్తాను.

ట్యాబ్ వచ్చిన రోజు ఆయనకి ఇచ్చేముందు మీరు ఒక గంట కూర్చోండి. అక్షరాల సైజు పెంచండి, ఆటో అప్‌డేట్ రాత్రిపూటకి మార్చండి, మొదటి పేజీలో మూడే బొమ్మలు ఉంచండి. పేపరు, పుస్తకాలు, మనవరాలు.

పుస్తకాలపురుగు:

మనవరాలి ఫోటోనే ఆ మూడో బొమ్మగా పెట్టొచ్చా? ఎలా పెట్టాలో తెలిస్తే చెప్పండి. శనివారం డెలివరీ.