కొత్త మొక్క కొనకుండ ఇంటి ముందర చెట్లు సదురుకునుడెట్ల?

నల్లగొండ కోడలు:
అందరికి నమస్తే. మాది నల్లగొండ, పడమటి వాకిలి ఇల్లు. ప్రహరీకి, అరుగుకు నడుమ 18 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు జాగ ఉన్నది. అండ్ల చెట్లకు కొదువ లేదు, కుదురే లేదు. ఏది దొరికితే అది, యాడ జాగుంటే ఆడ మా అత్తమ్మ పెట్టుకుంట వచ్చింది.

గేటు పక్కనే నా అంత ఎత్తు మందారం. మా ఆయన బండి లోపలికి తెచ్చినప్పుడల్ల కొమ్మలు మొహానికి కొడ్తయి. దాని ఎనుక నందివర్ధనం ఉన్నదని వచ్చేటోళ్లకు తెల్వనే తెల్వది. కనకాంబరాలు పడమటెండకు మాడుతున్నయి, పొద్దుగాల నీళ్లు పోసినా మూడింటికల్ల తలలు ఏలాడేస్తయి. మల్లెపొద అరుగు నీడల పడి రెండేండ్లాయె, ఆకే తప్ప పువ్వు లేదు. నూరువరహాల ఆకులు పసుపు తిరిగినయి. పారిజాతమైతే మూలకున్నది, పువ్వులన్ని పోయి సెప్టిక్ ట్యాంకు మూత మీద రాల్తయి!

నర్సరీకి పోదామంటే "ఉన్నయాటికే దిక్కు లేదు" అంటది అత్తమ్మ. ఆ మాట తప్పని నేననను. ఉన్నయే మార్చి పెడ్దామనుకుంటున్న. ఈ రోయిని ఎండలల్ల తవ్వొచ్చునా? మందారం బతుకుతదా?

పాలమూరు పెద్దమనిషి:
బిడ్డా, ఇప్పుడు గడ్డపార ముట్టకు. మిరుగం కార్తె రానియ్యి, జూన్ 7, 8 తారీకుల్ల వస్తది. రెండు వానలు పడి నేల మెత్తబడ్డంక మందారం మొదలుకు జానెడున్నర దూరంల ఒక్క దిక్కే సగం చుట్టు తవ్వి వేర్లు కొయ్యి, మట్టి పూడ్చి నీళ్లు పొయ్యి. మిగిలిన సగం జూన్ 21, 22 తారీకుల్ల వచ్చే ఆరుద్ర కార్తెల కోసి, అప్పుడు లేపు. లేపే రోజు కొమ్మలు మూడొంతులల్ల ఒక వంతు కొట్టేయాలె. పొద్దుమూకినంకనే చెయ్యి.

మొదలు పట్టి మాత్రం ఎత్తకు. తడి గోనెసంచి మీదికి మట్టిగడ్డను జరిపి, సంచిని ఇద్దరు పట్టి గుంజున్రి. ఒక్కణ్ణే ఎత్తబోయి మట్టిగడ్డ పగలగొట్టి, పదేండ్ల గన్నేరును సంపుకున్నోణ్ణి నేను.

ఈలోపల ఒక పని ఉన్నది. నాలుగింటికి వాకిట్ల నిలబడి, ఎండ యాడిదాక వస్తదో ముగ్గుపిండితో గీత గియ్యి. ఏ చెట్టు యాడ పెట్టాల్నో ఆ గీతే చెప్తది.

మిర్యాలగూడ టీచరు:
పారిజాతం జోలికి పోవద్దమ్మా, ముదిరిన చెట్టు. రాత్రి పండుకునే ముందు మూత మీద పాత చీర పరువు, తెల్లారి ఏరుకో. మా ఇంట్ల గదే చేస్తం.

నూరువరహాల ఈనెలు పచ్చగుండి నడుమ పసుపున్నదా? అయితే జాగ తప్పు కాదు, నీళ్ల తప్పు. బోరునీళ్లల్ల సున్నం ఎక్కువుంటే వేర్లు ఇనుము గుంజుకోలేవు. ఆకులు కుళ్లిన ఎరువు కలిపి కుండీలకు మార్చి, వాననీళ్లు పట్టి పొయ్యి.

నల్లగొండ కోడలు:
గీత గీసి చూస్తే నాలుగింటికి కూడ వాకిట్ల ఎండనే. అందుకే మందారాన్ని గేటు కాడికెళ్లి దక్షిణం మూలకు, ప్రహరీ పక్కకు జరిపినం. దానికి తూర్పున, ఇంటి దిక్కు కనకాంబరాలు పెట్టిన. పడమటెండకు మందారం నీడ వాటి మీదనే పడ్తది. మందారమున్న గుంతల మల్లె పెట్టినం. నందివర్ధనాన్ని ముట్టనే లేదు, అడ్డం పోంగనే అదే కనవడ్డది.

వారానికే మందారం ఆకులన్ని రాల్చింది. అత్తమ్మ రెండు రోజులు నాతోని మాట్లాడలే. మూడో రోజు తనే పోయి గోటితో కొమ్మ గీకింది, బెరడు కింద పచ్చగున్నది. "బతికే ఉన్నదే" అనుకుంట లోపలికొచ్చింది. ఇయ్యాల చూస్తే మూడు కణుపుల కాడ చిగుర్లు. మల్లె సంగతి వచ్చే ఎండాకాలం చెప్త.