మూడు టేబుళ్లు, ఒకే నేలమాళిగ: సంఘం ఆటల రోజుకు ఏర్పాట్లు

సమన్వయం:
అందరికీ నమస్కారం. హాలు మధ్యాహ్నం 2 నుంచి 6 వరకు మనది. బల్లలు వేయడానికి అరగంట, సర్దడానికి అరగంట తీసేస్తే ఆటకు 3 గంటలు మిగులుతాయి. టేబుళ్లు మూడు. ఒక్కో టేబుల్‌కు ఐదుగురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్ (కథ నడిపేవాళ్లు). మొదటిది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్రలు ధరించి కలిసి కథ నడిపే బల్ల ఆట) 1981 నాటి బేసిక్ రూల్స్‌తో, రెండోది అదే ఆట ఐదో ఎడిషన్‌తో. మూడోది పిల్లల కోసం, డంజన్ వరల్డ్ అనే తేలిక రూల్స్ ఆట. మూడింటికీ ఒకే మ్యాప్ ఇద్దామనుకుంటున్నాను: ఎనిమిది గదుల నేలమాళిగ, పైన గోబ్లిన్లు (చిన్నపాటి దుష్ట జీవులు), అడుగున పాత సమాధి. ఆట అయ్యాక మూడు టేబుళ్లవాళ్లూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే, 1974లో గైగాక్స్, ఆర్నెసన్ మొదలుపెట్టిన ఆట ఎన్ని దారులు పట్టిందో వాళ్లకే తెలుస్తుంది. ఎవరికేం కావాలో రాయండి.

పాత రూల్స్ టేబుల్:
మ్యాప్ ఒకటే అంటే చాలా సంతోషం అక్కా. కానీ గదుల్లో పెట్టేవి మాత్రం టేబుల్‌ను బట్టి మారాలి. ఎందుకంటే ఎక్స్‌పీ (పాత్రను పై లెవెల్‌కు, అంటే పై స్థాయికి చేర్చే అనుభవ పాయింట్లు) దేనికి ఇస్తామో ఆటగాళ్లు ఆ పనే చేస్తారు. 1981 రూల్స్‌లో ఒక గోబ్లిన్‌ను చంపితే 5 ఎక్స్‌పీ. బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ 1 ఎక్స్‌పీ. పది గోబ్లిన్లను చంపి ఐదుగురూ పంచుకుంటే తలా 10 వస్తుంది. 500 నాణేల విలువైన ఒక్క హారాన్ని చడీచప్పుడు లేకుండా తెచ్చుకుంటే తలా 100. రెండో లెవెల్‌కు చేరాలంటే ఫైటర్‌కు (యోధుడికి) 2,000 కావాలి. కాబట్టి ఈ టేబుల్‌లో తెలివైనవాళ్లు కత్తి దూయరు, దారి వెతుకుతారు. నా గదుల్లో నిధి ఎక్కువ ఉండాలి, అది కంటికి కనిపించని చోట ఉండాలి. నిధి తక్కువైతే ఈ ఆటలో మిగిలేది చావులే.

ఐదో ఎడిషన్ టేబుల్:
నిజమే అన్నా. మా టేబుల్‌లో అదే గోబ్లిన్‌కు 50 ఎక్స్‌పీ, రెండో లెవెల్‌కు 300 చాలు. అందుకే మావాళ్లు పోరాటంలోకే దిగుతారు. దానికి తగ్గట్టు సమయం కూడా పోతుంది. ప్రతివాళ్లకూ కదలిక, యాక్షన్ (ప్రధాన పని), బోనస్ యాక్షన్ (చిన్న అదనపు పని), రియాక్షన్ (ఎదుటివాళ్ల పనికి స్పందన) ఉంటాయి. కొత్తవాళ్లు ప్రతిసారీ పాత్ర వివరాల షీట్ అంతా చదువుకుంటారు. ఒక్కో పోరాటానికి 40 నిమిషాలు వేసుకోండి. మూడు పెడితే రెండు గంటలు అక్కడే అయిపోతాయి. కాబట్టి నాకు ఐదు గదులు, రెండు పోరాటాలు చాలు. 4, 6, 7 గదుల తలుపులు రాళ్లతో మూసుకుపోయినట్టు గీస్తాను.

గోబ్లిన్ల సంఖ్య కూడా ఇప్పుడే తేల్చుకుందాం. ఐదో ఎడిషన్ 2014 పుస్తకం లెక్కలో ఒకటో లెవెల్ వాళ్లు ఐదుగురికి 250 ఎక్స్‌పీ విలువైన శత్రువులంటే మధ్యస్థం, 375 అంటే కష్టం, 500 అంటే ప్రాణాంతకం. మూడు గోబ్లిన్లంటే 150, గుంపుగా వస్తాయి కాబట్టి రెట్టింపు చేస్తే 300. నాలుగైతే 400, అంటే కష్టం దాటినట్టే. మొదటి పోరాటానికి మూడే పెడతాను.

ఇంకొకటి: సొంత పుస్తకాలు తెచ్చేవాళ్లు ఉంటారు. ఐదో ఎడిషన్‌కే 2014 పుస్తకాలు, సవరించిన 2024 పుస్తకాలు ఉన్నాయి, అవి ఒకే బల్ల మీద కలిస్తే చిక్కు. గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రానికి పాతదాంట్లో 1డీ8 (ఎనిమిది ముఖాల పాచిక ఒకటి), కొత్తదాంట్లో 2డీ8 (అలాంటివి రెండు). ఔషధం తాగడం పాతదాంట్లో యాక్షన్, కొత్తదాంట్లో బోనస్ యాక్షన్. 2014 మాత్రమే అని బల్ల మీద కార్డు పెడతాను.

ప్రింటింగ్:
షీట్లు నేను చేస్తున్నాను. ఐదో ఎడిషన్ ఎస్ఆర్‌డీ 5.1ను (ముఖ్యమైన రూల్స్ ఉన్న పత్రాన్ని) 2023లో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకునే అనుమతి) కిందికి తెచ్చారు. డంజన్ వరల్డ్ పాఠం కూడా ఆ పద్ధతిలోనే ఉంది. వాటిలోంచి తీసుకుని అచ్చు వేసుకోవచ్చు, ఎక్కడిదో చెప్పే వాక్యం అడుగున తప్పకుండా ఉండాలి. 1981 పుస్తకం పేజీలు మాత్రం ఫోటోకాపీ తీయొద్దు. అంకెలతో మన సొంత షీట్ గీసుకుందాం.

షీట్‌లో పాత్రల గుణాలకు వేసే తెలుగు పదాల దగ్గర మీ మాట కావాలి. బలం, చురుకుదనం, తెలివి సరే. కాన్‌స్టిట్యూషన్‌కు ఓర్పు అని రాస్తే సహనం అనుకుంటారు. విజ్‌డమ్‌ను వివేకం అంటే ఆటలో ఆ అంకెతో ఎక్కువగా చేసే పని, అంటే అలికిడి పసిగట్టడం, తట్టదు.

పిల్లల టేబుల్:
కాన్‌స్టిట్యూషన్‌కు ‘తట్టుకునే శక్తి’ పెట్టండి. వివేకం ఉంచి, కింద చిన్న అక్షరాల్లో ‘చూడటం, వినడం, పసిగట్టడం’ అని వేయండి. కరిజ్మాకు ఆకర్షణ వద్దు, అందచందాలనుకుంటారు. ‘పలుకుబడి’ అయితే సరిగ్గా సరిపోతుంది, మాట చెల్లడమే కదా అక్కడి విషయం. సేవింగ్ త్రోకు (ఆపద నుంచి బయటపడటానికి వేసే పాచికకు) ‘తప్పించుకునే రోల్’. హెచ్‌పీ (ప్రాణ బలం), ఏసీ (దెబ్బ తగలకుండా కాచే రక్షణ అంకె), లెవెల్ అలాగే ఉండనివ్వండి, వాటిని తెలుగు చేస్తే బయట ఆడేటప్పుడు ఇబ్బంది పడతారు.

నా టేబుల్‌కు రూల్స్ తక్కువ. రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, ఆ పనికి పాత్ర షీట్‌లో ఉన్న అంకె కూడా కలపడమే: 10 లేదా ఆపైన అయితే అనుకున్నది జరుగుతుంది, 7 నుంచి 9 అయితే జరుగుతుంది కానీ ఏదో ఒక నష్టంతో, 6 లోపు అయితే గేమ్ మాస్టర్ చేతికి పోతుంది. 6 లోపు పడ్డ ప్రతిసారీ పిల్లలు 1 ఎక్స్‌పీ గుర్తు పెట్టుకుంటారు. అంటే ఎక్స్‌పీ అన్నయ్య పాత రూల్స్ టేబుల్‌లో బంగారానికి, ఐదో ఎడిషన్ టేబుల్‌లో శత్రువులకు, నా దగ్గర ఓటమికి. ఈ మూడు ముక్కలూ పెద్ద అక్షరాలతో గోడ మీద అతికిద్దాం.

ఈ ఆట చెడేది ఒకే చోట. 6 లోపు పడగానే ‘కుదరలేదు’ అని గేమ్ మాస్టర్ ఊరుకుంటే కథ అక్కడే ఆగిపోతుంది. తాళం తెరుచుకోకపోవడం ఒక్కటే చాలదు, పనిముట్టు విరగాలి, లేదా అవతల అడుగుల చప్పుడు వినిపించాలి. అలాంటివి పది ముందే రాసి పెట్టుకుంటాను. వంతుల వరస లేదు కాబట్టి గొంతు పెద్దదున్న పిల్లలే ఆడేస్తారు. మాట్లాడినవాళ్ల ముందు ఒక బిళ్ల పెట్టి, ఐదుగురి ముందూ బిళ్లలు చేరాకే మళ్లీ మొదలు.

సమన్వయం:
చాలా బాగుంది. పాత టేబుల్‌లో చావుల సంగతేమిటి? మొదటి అరగంటలోనే పాత్ర పోతే వచ్చినవాళ్లు ఏం చేయాలి? ఒకటో లెవెల్‌లో అందరికీ హెచ్‌పీ పూర్తిగా ఇచ్చేయొచ్చా?

పాత రూల్స్ టేబుల్:
ఇవ్వకుండా ఉంటేనే మంచిది అక్కా. దొంగకు, మాంత్రికుడికి 1డీ4 హెచ్‌పీ, సున్నా అయితే చావు. ఆ భయం వల్లే పదడుగుల కర్రతో నేల తట్టి చూస్తారు. అది తీసేస్తే ఐదో ఎడిషన్‌కు, దీనికి తేడా పోతుంది. బదులుగా ఐదుగురికి పన్నెండు పాత్రలు సిద్ధంగా ఉంచుతాను. నాలుగో గదిలో గోబ్లిన్ల ఖైదీలు ఉంటారు. పాత్ర పోయినవాళ్లు ఖైదీల్లో ఒకరిని తీసుకుని ఐదు నిమిషాల్లో ఆటలోకి వస్తారు. రాక్షసులు ఎదురుపడగానే వాళ్లు ఎలా స్పందిస్తారో తేల్చే రియాక్షన్ రోల్‌ను 2డీ6తో వేయడం కూడా మరిచిపోకూడదు. 2 పడితేనే వెంటనే దాడి, 9 లేదా ఆపైన అయితే దాడే లేదు. ఈ రోల్ వదిలేసి ప్రతిదాంతో పోరాటం పెట్టేవాళ్ల టేబుళ్లలోనే పాత రూల్స్‌కు క్రూరమైనవన్న పేరు వస్తుంది.

కొత్తవాళ్లను తికమక పెట్టేది ఏసీ. ఇందులో 9 అంటే కవచం లేదు, 2 అంటే ప్లేట్ కవచం, డాలు. అంకె తగ్గేకొద్దీ రక్షణ పెరుగుతుంది. ఏ ఏసీ ఉన్నవాళ్లకు దెబ్బ తగలాలంటే ఇరవై ముఖాల పాచిక మీద ఎంత పడాలో షీట్ మీద ఒక వరసలో అచ్చు వేయండి: 9కి 10, 8కి 11, 7కి 12, 6కి 13, 5కి 14, 4కి 15, 3కి 16, 2కి 17. ఒకటో లెవెల్ ఫైటర్ గోబ్లిన్‌ను కొట్టాలంటే ఏసీ 6 కింద చూసి 13 అనుకుంటారు. తీసివేతలు అక్కర్లేదు.

టర్న్ పట్టిక కూడా కావాలి. 18 గడులు, ఒక్కోటి ఆటలో పది నిమిషాలు. ప్రతి రెండో గడిలో చుక్క: అక్కడ 1డీ6 వేస్తే 1కి తిరుగుడు రాక్షసులు వస్తాయి. ప్రతి ఆరో గడి నల్లగా: కాగడా ఆరిపోతుంది, ఒక టర్న్ విశ్రాంతి కూడా తీసుకోవాలి.

ఐదో ఎడిషన్ టేబుల్:
షాడోడార్క్ అనే ఆటలో లాగా కాగడా నిజంగానే ఒక గంట సేపే వెలిగేలా గడియారం పెడితే? 2023లో వచ్చిన ఆ ఆటలో గడియారం చూస్తూ కంగారు పడటమే అసలు రుచి.

పాత రూల్స్ టేబుల్:
అది గొప్ప ఆలోచనే, కానీ ఆ ఆటలోనే బాగుంటుంది. ఇక్కడ టర్న్‌లు ఇప్పటికే వెలుతురును లెక్కపెడుతున్నాయి. రెండు గడియారాలు పెడితే ఏది చూడాలో తెలియదు.

సమన్వయం:
సరే, గడియారం వద్దు. పాచికల లెక్క: పాత టేబుల్‌కు ఏడు పాచికల సెట్లు 7 (ఐదుగురికి, గేమ్ మాస్టర్‌కు, ఒకటి అదనం), వాటికి తోడు ఆరు ముఖాలవి 4. ఐదో ఎడిషన్‌కు సెట్లు 7, అడ్వాంటేజ్ (రెండు డీ20లు వేసి పెద్దది తీసుకోవడం) కోసం మనిషికొకటి చొప్పున అదనపు డీ20లు 6, మ్యాజిక్ మిస్సైల్ మంత్రానికి డీ4లు 3, ఆరు ముఖాలవి 4. పిల్లలకు ఆరు ముఖాలవి 12, దెబ్బల కోసం ఒక సెట్. మొత్తం సెట్లు 15, విడి డీ6లు 20, డీ20లు 6, డీ4లు 3.

ప్రింటింగ్:
సెట్లు సమయానికి అందకపోతే దారి ఉంది. 1979లో పాచికలు దొరక్క బేసిక్ పెట్టెల్లో అంకెల చీటీలు వేసి అమ్మారు. 1 నుంచి 20 చీటీలు కత్తిరించి కప్పులో వేస్తాను. తీసిన చీటీని మళ్లీ కప్పులో వేసి కుదపాలి, లేకపోతే ఒకసారి వచ్చిన అంకె మళ్లీ రాదు. పెన్నులు తేవద్దు, మెత్తటి పెన్సిళ్లు, రబ్బర్లు తెస్తాను. హెచ్‌పీ గడి చెరిపి చెరిపి చిరుగుతుంది కాబట్టి షీట్లు మందపాటి కాగితం మీద వేస్తున్నాను.

పిల్లల టేబుల్:
ప్రతి బల్ల మధ్యలో ఎక్స్ రాసిన కార్డు ఒకటి ఉండనివ్వండి. ఏదైనా దృశ్యం ఎవరికైనా ఇబ్బందైతే దాన్ని తాకితే చాలు, కారణం అడగకుండా అది వదిలేసి ముందుకెళ్లాలి. బల్లల మధ్య కనీసం మూడు మీటర్లు. నా బల్ల మూలకు వేయండి, కేకలు మా దగ్గరే ఎక్కువ.

సమన్వయం:
మూల మీదే. మ్యాప్ శుక్రవారం రాత్రికి పంపుతాను. మూసుకుపోయిన గదులు, ఖైదీల గది మీమీ కాపీల్లో గీసుకోండి.