అక్షోహిణా, అక్షౌహిణా?

మొన్న ఒంగోల్లో మా ఇంట్లో పెళ్లిచూపులు. ఐదుగురం వస్తామని పద్దెనిమిది మంది దిగారు. మా అమ్మ వంటింట్లోంచి "అక్షోహిణి దిగిందిరా, ఇంకాసిని బియ్యం పొయ్యండి" అంది, భారతంలో చెప్పే పెద్ద సేన దిగిందన్నట్టు. పదో తరగతి చదివే మేనకోడలు పట్టుకుంది: "అక్ష, ఊహిని కలిస్తే గుణసంధి. అమ్మమ్మ అన్నదే రైటు. మరి పుస్తకంలో అక్షౌహిణి అని ఎందుకుంది మామయ్యా?" నాకు నోరు పెగల్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లూరు నుంచి ఒక మాస్టారు:
పాప తెలివైనది. ఏక, ఊన కలిసి ఏకోన అయినట్టు ఇక్కడా ఓకారమే రావాలి. కానీ ఈ మాట కోసమే సంస్కృత వ్యాకరణంలో పాణిని సూత్రం మీద కాత్యాయనుడు వార్తికం, అంటే ఒక చేర్పు, చెప్పాడు, ఇక్కడ వృద్ధి చెయ్యమని. అందుకే ఔ. ముందు ష ఉంది కాబట్టి ని కాస్తా ణి అయింది. అక్షం అంటే ఇరుసు, దాన్నిబట్టి రథం. ఊహిని అంటే సమూహం. అమ్మగారిది నోటివాడుక, దిద్దకండి.

కావలి నుంచి ఒక అక్క:
మాస్టారూ, అసలు ఎంతమందండీ? వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది, ఆ సేన లెక్కల్లో ఏ సంఖ్య అంకెలు కూడినా 18 వస్తుందట, దైవ రహస్యమట.

మాస్టారు:
రథాలు 21,870, ఏనుగులు 21,870, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350. మొత్తం 2,18,700. నిజమే, ఏది కూడినా 18. అన్నీ తొమ్మిదితో పోయేవే కాబట్టి అంకెల మొత్తం 9, 18, 27 ఇలా తొమ్మిదో ఎక్కంలోదే రాక తప్పదు, అందులో రహస్యమేం లేదు. కురుక్షేత్రంలో చేరిన 18 అక్షౌహిణులూ కలిపితే 39,36,600. కూడి చూడమ్మా, 27 వస్తుంది.

నాకు నచ్చేది వేరే. 2,18,700ని మూడుతో భాగిస్తూ పో. 72,900, 24,300, 8,100, 2,700, 900, 300, 100. ఏడుసార్లు శేషం లేకుండా పోయి సరిగ్గా వంద దగ్గర ఆగుతుంది. సైన్యం కట్టిందే అలా. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు బంట్లు, ఇది పత్తి. మూడు పత్తులు సేనాముఖం. అక్కణ్ణించి గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, ప్రతిదీ ముందుదానికి మూడింతలు. చివర్లో మాత్రం పది అనీకినులు ఒక అక్షౌహిణి.

కావలి అక్క:
మా వైపు పత్తి అంటే చేలో పత్తే. మూడు పత్తులు అనగానే మూడు బస్తాలనుకున్నా.

మాస్టారు:
ఉద్యోగపర్వంలో ఈ సేనలన్నిటినీ తెలుగులో కూడగట్టింది మన నెల్లూరు తిక్కనే కదమ్మా. మనం పత్తి బస్తాల దగ్గర ఆగిపోతే ఎలా?

ఒంగోలు నుంచి, అడిగినతను:
అమ్మకి చదివి వినిపించాను మాస్టారూ. "అయితే వచ్చింది రెండు పత్తులు కూడా కాదన్నమాట" అంది. అసలు ఏనుగే లేదు కదమ్మా అన్నాను. "పెళ్లికొడుకు మేనమామని అప్పుడే మర్చిపోయావా" అంది.