వీలునామాలో సేవాసంస్థకి వాటా రాస్తే పిల్లలకి ముందే చెప్పాలా?

సాయంకాలం:
అందరికీ నమస్కారం. నాకు 67 ఏళ్ళు, మావారు పోయి మూడేళ్ళు. వీలునామా రాయడానికి కూర్చున్నాను. ఇల్లు, డిపాజిట్లు అన్నీ కలిపి అందులో పదో వంతు, చూపు లేని పిల్లల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఒక సంస్థకి రాయాలని ఉంది. నేనూ అక్కడ పదకొండేళ్ళు అలా చదివి రికార్డు చేశాను. మిగతాదంతా నా ఇద్దరు పిల్లలకీ సమానం. ఈ సంగతి వాళ్ళకి ఇప్పుడే చెప్పాలా, లేక నేను పోయాక వాళ్ళే చూసుకుంటారా? చెబితే మనసు కష్టపెట్టుకుంటారేమోనని నా టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

లెక్కలమనిషి:
చెప్పడం సంగతి తర్వాత, ముందు అది శాతంగానే రాయండి, ఇంత మొత్తం అని అంకె వేయకండి. ఇరవై ఏళ్ళకి ఆ అంకె విలువ ఎంత పడిపోతుందో ఎవరు చెప్పగలరు? పోనీ మీ వైద్యానికే ఆస్తి సగం కరిగిపోయిందనుకోండి, సంస్థకి రాసిన అంకె అలాగే ఉంటుంది, కోత పడేది పిల్లల వాటాకి. అప్పులూ ఖర్చులూ తీరాక మిగిలినదాంట్లో పది శాతం అనాలి. సంస్థ పేరు బోర్డు మీద ఉన్నట్టు కాకుండా రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టు, నంబరుతో సహా రాయండి.

పాతచెట్టు:
అమ్మా, కన్నపిల్లలుండగా బయటివాళ్ళకి రాయడం ఎందుకు? ఇవ్వాలనుంటే బతికుండగానే మీ చేత్తో ఇవ్వండి. పోయాక ఇచ్చేది మీరిచ్చినట్టు కాదు, మీ పిల్లల చేతిలోంచి లాక్కుని ఇచ్చినట్టు.

కలువరేకు:
పాతచెట్టు గారూ, లాక్కోవడం ఎలా అవుతుందండీ? అది ఆవిడ ఆస్తి, ఆవిడ ఇష్టం. బతికుండగా ఇవ్వమనడం తేలికే. ఆవిడ ఇంకా ఇరవై ఏళ్ళు బతకాలి, ఎప్పుడు ఏ ఆపరేషన్ ముంచుకొస్తుందో తెలీదు, ఉంటున్న ఇంట్లోంచి పదో వంతు గోడ తీసి ఇవ్వలేరు కదా. ఇచ్చేసిన డబ్బు వెనక్కి రాదు, వీలునామా అయితే బుద్ధి స్థిమితంగా ఉన్నన్నాళ్ళూ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

పాతచెట్టు:
మీరు సంస్థల తరఫు మనిషిలా ఉన్నారు.

కలువరేకు:
అవును, తొమ్మిదేళ్ళు ఒక సేవాసంస్థ లెక్కలు చూశాను, అందులో దాచడానికేముంది? నెలనెలా వచ్చే చందాలు జీతాలకీ అద్దెకీ బొటాబొటీగా సరిపోయేవి. వాన కారే కప్పు మార్పించింది, పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను కొన్నది, రెండూ వీలునామాల్లో రాసిపోయినవాళ్ళ డబ్బుతోనే. వాళ్ళలో ఒకావిడ ఎవరో కూడా మాకు తెలీదు.

దారిపక్క:
ఫ్రాన్స్‌లో చట్టమే లెక్క కట్టి పెట్టింది. ఒక్క బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండొంతులు, ముగ్గురూ ఆపైన ఉంటే ముప్పాతిక పిల్లలకే వెళ్ళాలి. మిగిలినదే మన ఇష్టం. ఆ లెక్కన చూసినా ఈవిడ పదో వంతు ఎక్కువేం కాదు.

పాతచెట్టు:
బ్రిటన్‌లో ఒక తల్లి కన్నకూతురికి పైసా ఇవ్వకుండా 4,86,000 పౌండ్ల ఆస్తిలో చాలావరకు జంతువుల సంస్థలకి రాసిపోయింది. కూతురు కోర్టుకెక్కి గెలిచింది. అంత పెద్ద కోర్టులు కూడా పిల్లల పక్షమే.

కలువరేకు:
గెలిచిందని సగమే చెప్పకండి. మొదట 50,000 పౌండ్లు ఇచ్చారు, 2015లో అప్పీలు కోర్టు దాన్ని బాగా పెంచింది, సంస్థలు పైకి వెళ్తే 2017లో సుప్రీంకోర్టు మళ్ళీ ఆ 50,000కే తెచ్చింది. మిగతాది సంస్థలకే వెళ్ళింది. తల్లి పోయింది 2004లో. పదమూడేళ్ళు పట్టింది తేలడానికి.

లెక్కలమనిషి:
అందుకే సరిగ్గా రాయాలి అంటున్నాను. నోబెల్ అంతటివాడు 1895లో లాయరు లేకుండా తనే రాసుకున్నాడు. తన ఆస్తితో బహుమతులు ఫలానా సంస్థలు ఇవ్వాలన్నాడు గానీ ఆ సంస్థల్ని ముందుగా ఒక్క మాట అడగలేదు. బంధువుల్లో కొందరు ఎదురు తిరిగారు. 1896 డిసెంబరులో ఆయన పోతే మొదటి బహుమతులు ఇచ్చింది 1901లో. అన్నకొడుకు ఇమాన్యుయేల్ వీలునామా పక్షాన నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది.

పాతచెట్టు:
నోబెల్ గొడవ మనకెందుకు? నేను చెబుతున్నది ఎవరికీ ఎక్కడం లేదు. మా పెద్దమ్మకి పిల్లల్లేరు. చివరి నాలుగేళ్ళు నేనే చూసుకున్నాను. ఆదివారం రాత్రి గళ్ళ డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు సర్దేవాణ్ణి, పొద్దుటివి ఒక గడి, రాత్రివి ఒక గడి. ఆవిడ పోయిన మూడో వారం ఒక సంస్థ మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. ఇల్లు మొత్తం వాళ్ళ పేర రాసిందట. అతను కిటికీలు కొలుస్తున్నాడు, మాత్రల డబ్బా ఇంకా బల్ల మీదే ఉంది, గురువారం నుంచి గడులు నిండే ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి సేవ గురించి.

కలువరేకు:
మీ కష్టం అర్థమైంది. కానీ ఇల్లు వస్తుందనుకున్నారు, రాలేదు, ఆ కోపం ఈవిడ మీద చూపిస్తున్నారు. చేసిన సేవకి ఆస్తి రూపంలో కూలి అడిగితే అది సేవ ఎలా అవుతుంది?

పాతచెట్టు:
కూలా? నోరు అదుపులో పెట్టుకోండి. నాకు సొంతిల్లు ఉంది. ఆ ఇల్లు ఇస్తానన్నా తీసుకునేవాణ్ణి కాదు.

దారిపక్క:
ఇద్దరూ కొంచెం నెమ్మదించండి.

పాతచెట్టు:
నెమ్మదించను, ఆ మాట అనిపించుకున్నాను కాబట్టి పూర్తిగా చెబుతాను. వీలునామా మీద తేదీ చూశాను. నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టిన రెండో ఏడు. అంటే ఆ తర్వాత రెండేళ్ళు, నా చేతిలోంచి మాత్రలు తీసుకుంటూ, నీళ్ళగ్లాసు నా చేతికే ఇస్తూ, ఆ సంగతి కడుపులో పెట్టుకుంది. చెబితే నేను రావడం మానేస్తాననుకుందా? ఇల్లు కోసమే వస్తున్నాననుకుందా? అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. నాకు నిద్ర పట్టనిది దానికి, ఇంటికి కాదు.

కలువరేకు:
కూలి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. మీ పెద్దమ్మ ఏమనుకుందో నేను చెప్పలేను. నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో కూడా చెప్పాలి. మా నాన్న ఆసుపత్రి మంచం మీద, “నా పొలం అమ్మిన డబ్బులో కొంత నేను చదివిన బడి గ్రంథాలయానికి ఇవ్వండి” అన్నాడు. నా చెయ్యి పట్టుకుని రెండుసార్లు అన్నాడు. కాగితం మీద పెట్టలేదు. అన్నయ్యలు అలాంటి మాటేదీ మాకు తెలీదన్నారు. నేను అబద్ధం చెబుతున్నానని పెద్దవదిన నలుగురిలో అంది. నా వాటాలోంచి కొంత ఇచ్చాను, కానీ నాన్న పేరు మీద నాన్న ఇచ్చినట్టు కాలేదు కదా అది. అందుకే ఎవరు అడిగినా రాయండి, రాయండి అంటాను.

పాతచెట్టు:
రాయొద్దని నేను ఇప్పటికీ అంటాను. మీ నాన్నగారి విషయంలో మాత్రం మీ అన్నయ్యలది తప్పే.

సాయంకాలం:
రాత్రంతా ఇవన్నీ రెండేసిసార్లు చదివాను. పాతచెట్టు గారూ, మీరు చెప్పింది చదివాక దాచడానికి నాకు మనసొప్పడం లేదు. మా అబ్బాయి ప్రతి శనివారం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. వాడు కూడా రేపు మీలాగే అనుకుంటే? పిల్లలిద్దరూ ఈ ఆదివారం వస్తున్నారు. నేను చదివిన రికార్డింగు ఒకటి వినిపించి, ఇదీ ఆ చోటు అని చెబుతాను. వద్దంటే ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు, బహుశా అయినా రాస్తాను.

లెక్కలమనిషి:
మంచిది. సాక్షి సంతకాలు మాత్రం పిల్లల చేత గానీ, ఆ సంస్థ మనుషుల చేత గానీ పెట్టించకండి. వాటా లేనివాళ్ళు ఇద్దరు, మీకంటే చిన్నవాళ్ళయితే మేలు. పది శాతం అని అక్షరాల్లో కూడా రాయండి.