శాతం, శాతానికి: ఒక్క 'కి' దగ్గర వచ్చిన గొడవ

అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మా బావకీ మా తమ్ముడికీ పెద్ద వాదన అయింది, కంప్యూటర్ల గురించే గానీ నాకు మాత్రం మొదటినుంచి చివరిదాకా తెలుగు గొడవే అనిపించింది, అందుకే ఇక్కడ పెడుతున్నా.

బావకి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో షాపు, పొద్దున లేస్తే విండోస్ మెషీన్లు బిగించడమే పని. తమ్ముడు ఆపిల్ వాళ్ల మాక్ కంప్యూటర్ తప్ప ఇంకోటి ముట్టడు. వాడు దాచుకున్న పాత పేపర్ కటింగ్ ఫొటో ఒకటి తీసి "చూడు బావా, మాక్ అమ్మకాలు 33 శాతం పెరిగినయ్" అన్నాడు. బావ ఫోన్ లాక్కుని చదివి "నూట్లో మూడు మెషీన్లు కూడా మీవి కావు కదరా అప్పట్లో, 33 ఎక్కణ్ణుంచి వచ్చింది" అన్నాడు. ఇద్దరూ గొంతు పెంచారు, అన్నం చల్లారిపోయింది. నేను కటింగ్ చూస్తే హెడ్డింగ్ ఇలా ఉంది: '33 శాతానికి పెరిగిన మాక్ అమ్మకాలు'.

అదీ సంగతి. 'శాతం పెరిగింది' అంటే ఉన్నదానిమీద అంత కలిసింది అని. 'శాతానికి పెరిగింది' అంటే అక్కడిదాకా చేరింది అని. తమ్ముడు కంటితో 'శాతానికి' చూసి నోటితో 'శాతం' అన్నాడు, బావ ఉన్నది ఉన్నట్టు చదివి మార్కెట్లో మూడో వంతు మాక్‌లే అని రాశారనుకున్నాడు. నిజానికి ఇద్దరి లెక్కా కరెక్టే, హెడ్డింగే తప్పు.

ఆ లెక్క 2007ది. ఆపిల్ ఆర్థిక సంవత్సరం ప్రకారం 2006లో సుమారు 53 లక్షల మాక్‌లు అమ్మింది, 2007లో 70 లక్షలు దాటింది, అది 33 శాతం పెరుగుదల. కానీ ప్రపంచం మొత్తం మీద 2007లో పోయిన పీసీలు దాదాపు 27 కోట్లు, అందులో 70 లక్షలంటే వాటా 2.6 శాతం. అంతకుముందు ఏడాది 2.2 ఉంటుంది. అంటే అమ్మకాలు మూడో వంతు పెరిగినా వాటా కదిలింది అర పాయింటు కూడా కాదు, ఎందుకంటే ఆ ఏడాది మిగతా మార్కెట్ కూడా 13 శాతం దాకా పెరిగింది. ఇక్కడే ఇంకో చిక్కు, 2.2 నుంచి 2.6 అయితే 'వాటా 0.4 శాతం పెరిగింది' అని రాసేస్తారు, అది తప్పు, 2.2 మీద చూస్తే ఆ పెరుగుదల 18 శాతం. 0.4 అనేది రెండు శాతాల మధ్య తేడా, దాన్ని 'శాతం పాయింట్లు' అనాలి. ఆ మాట మన నోట్లో పడలేదు, అందుకని నేను రెండు కొసలూ చెప్పేస్తా, '2.2 నుంచి 2.6కి'. అప్పుడు ఎవరికీ అనుమానం రాదు.

మనకి ఈ లెక్కలు కొత్తవి కావు. ఊళ్లో 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకి రెండు, అంటే ఏడాదికి 24, చదువు రాని మా నానమ్మ కూడా తడుముకోకుండా చెప్పేది. ఆ వడ్డీ అనే మాట పుట్టిందే 'వృద్ధి' లోంచి. మనం ఇవాళ పేపర్లో రాసే వృద్ధి రేటూ, నానమ్మ చెప్పిన వడ్డీ ఒకటే మాట, అయినా 'వృద్ధి తగ్గింది' అని చదవగానే అమ్మకాలే పడిపోయాయి అనుకుంటున్నాం. పోయినేడు 33 పెరిగి ఈ ఏడు 20 పెరిగితే వృద్ధి తగ్గినట్టే, కానీ సరుకు ఎక్కువే పోయింది.

ఇక వాటాకి మన పాత మాట 'పాలు'. మా వైపు దాయాదుల్ని పాలోళ్లు అనేది అందుకే, పొలంలో పాలున్నవాళ్లు. వార్తల్లో పాలు అని రాస్తే తాగే పాలు అనుకుంటారు కాబట్టి వాటాతోనే సర్దుకుందాం, గానీ ఆ ఆలోచన మాత్రం వదలొద్దు: పంట తగ్గినా పాలు పెరగొచ్చు. కొవిడ్ టైంలో జనం ఎగబడి కొన్నాక 2022లో పీసీ మార్కెట్ బాగా పడిపోయింది. అలాంటప్పుడు వంద మెషీన్ల మార్కెట్ ఎనభైకి వచ్చి, నావి పది నుంచి తొమ్మిదికి వచ్చాయనుకోండి, అమ్మకాలు పది శాతం తగ్గాయి, వాటా మాత్రం 10 నుంచి 11.25కి పెరిగింది. రెండూ నిజమే, ఏది చెప్తున్నామో ఆ మాట పలకాలి అంతే.

'అమ్ముడయ్యాయి' అన్న మాట మీద కూడా నాకు బాధ ఉంది. ఆపిల్ ఎన్ని మాక్‌లు అమ్మిందో చెప్పడం 2018 చివర్లో ఆపేసింది, అప్పట్నుంచి ఐడీసీ, గార్ట్‌నర్ లాంటి మార్కెట్ లెక్కలు కట్టే సంస్థలు ఇచ్చేది అంచనా, అదీ షిప్‌మెంట్లకి, అంటే కంపెనీ నుంచి డీలర్లకి బయల్దేరిన సరుకుకి. బావ షాపు వెనక గదిలో సీలు విప్పని డబ్బాలు నిలువెత్తు పేర్చి ఉంటాయి, కొన్ని ఆర్నెల్లుగా అక్కడే, అవి ఆ లెక్కలో ఎప్పుడో చేరిపోయాయి గానీ కొన్నవాడు లేడు. వాటిని అమ్మకాలు అంటే ఎలా?

షిప్‌మెంట్లని కొందరు 'ఎగుమతులు' అని రాస్తున్నారు, చదివేవాళ్లకి విదేశాలకి పంపారనే అర్థమవుతుంది. మార్కెట్ యార్డుల్లో లారీకి సరుకెత్తడాన్ని ఎగుమతి అంటారు, అసలర్థం అదే, కానీ పేపర్లో ఆ అర్థం పోయింది. 'పంపిన సరుకు' అని నేను రాస్తున్నా, ఒక్క మాటలో రావట్లేదు. గుంటూరు మిర్చి యార్డు, వరంగల్ ఎనుమాముల వైపు వాళ్లెవరైనా ఉంటే, సరుకు ఇక్కణ్ణుంచి కదిలింది గానీ అక్కడ ఇంకా అమ్ముడవలేదు అనేదానికి మీ దగ్గర ఏం మాట వాడతారో చెప్పండి.