అమెరికాలో కాగితాలు లేకుండా పెరిగిన చైనా పిల్లలకు పౌరసత్వం ఇస్తే మన పిల్లలకు అన్యాయమా?

డల్లాస్ నాన్న:
మా పెద్దమ్మాయికి వచ్చే ఏడాది 21 నిండుతాయి. నాలుగేళ్లప్పుడు హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా మీద వచ్చింది. మా గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. 21 దాటితే మా వీసా కింద తను ఉండటానికి లేదు. ఇంట్లో ఒకటే టెన్షన్. మా ఆఫీసులో ఒక చైనా అబ్బాయి ఉన్నాడు. చిన్నప్పుడు అమ్మానాన్నలతో వచ్చి, వీసా గడువు అయిపోయినా ఇక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు డాకా మీద, అంటే చిన్నప్పుడొచ్చి కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లను తాత్కాలికంగా పంపించేయకుండా పని చేసుకోనిచ్చే ఏర్పాటు మీద పని చేస్తున్నాడు. కష్టపడి పెరిగాడు, కాదనను. కానీ అలాంటివాళ్లకు పౌరసత్వం ఇస్తే, రూల్ ప్రకారం లైన్లో నిలబడ్డ మా పిల్లలేం కావాలి? లీగల్ స్టేటస్ ఉందన్న కారణంగా హెచ్-4 పిల్లలకు డాకా కూడా వర్తించదు.

సియాటిల్ రైతుబిడ్డ:
పిల్లల మీద నాకూ జాలే అన్నా. కానీ చైనాలో మనుషుల్ని దొంగతనంగా దాటించే దళారులున్నారు, ‘పాముతలలు’ అంటారు. 1993 జూన్‌లో గోల్డెన్ వెంచర్ ఓడ న్యూయార్క్ ఒడ్డున ఇసుకలో దిగబడింది. అందులో 286 మంది, ఎక్కువగా చైనాలోని ఫూజియాన్ రాష్ట్రం వాళ్లు. 10 మంది ప్రాణాలు పోయాయి. పౌరసత్వం ఆశ చూపిస్తే ఆ దళారులకే బేరం.

బ్రూక్లిన్ అమ్మ:
నాన్నగారూ, మా మేనల్లుడిదీ మీ అమ్మాయి పరిస్థితే. కానీ మన గ్రీన్ కార్డు లైన్ కదలనిది ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమే అన్న కోటా వల్ల. కాగితాలు లేని ఆ పిల్లలు అసలు ఆ లైన్లోనే లేరు. 2021 మార్చిలో ప్రతినిధుల సభ ఆమోదించిన, పౌరసత్వానికి దారి చూపే బిల్లులో వాళ్లతోపాటు హెచ్-4 పిల్లలూ ఉన్నారు. అది సెనేట్ దాటలేదు. ఇద్దరికీ కలిపే పోయింది.

2013లో ఇక్కడ ఒక ప్రైమరీ స్కూల్లో వాలంటీరుగా చేశాను. ఫూజియాన్ నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. లంచ్ టైములో నీళ్లు తాగి వచ్చి ‘ఆకలి లేదు’ అనేది. ఉచిత భోజనం ఫారం తన బ్యాగు అడుగున మడతలు పడి దొరికింది. అందులో పెద్దవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలు రాయాలి, నంబరు లేకపోతే ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టాలి. కాగితాలు లేకపోయినా ఆ భోజనానికి పిల్లలు అర్హులే. అయినా ఆ టిక్కు పెడితే ఇంటికి పోలీసులొస్తారని వాళ్లమ్మ భయం.

ఆ పిల్ల బొటనవేలి మీద కాయ కాసి ఉండేది. సాయంత్రాలు అమ్మతో కుట్టు షాపుకెళ్లి, బట్టలకు మిగిలిన దారాలు చిన్న కత్తెరతో కత్తిరించేదట. పీసుకు ఇంత అని కూలి. ఆ పిల్లని ఏ లైన్లో నిలబడమంటారు, చెప్పండి?

సియాటిల్ రైతుబిడ్డ:
బడి, భోజనం ఇవ్వద్దని ఎవరన్నారు మేడమ్? పౌరసత్వం వేరు. వాళ్లకిస్తే రేపు అమ్మానాన్నల్నీ స్పాన్సర్ చేస్తారు.

బ్రూక్లిన్ అమ్మ:
స్పాన్సర్ చేయకూడదని షరతు పెట్టండి, ఒప్పుకుంటాను. బడి కూడా ఊరికే రాలేదు తమ్ముడూ. టెక్సస్‌లోని టైలర్‌లో కాగితాలు లేని పిల్లల దగ్గర ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు అడిగారు. 1982లో సుప్రీంకోర్టు 5-4తో అది కుదరదంది. పెద్దవాళ్లు చేసినదానికి పిల్లల్ని శిక్షించడం న్యాయం కాదంది. మరి ఆ మాట బడి అయిపోగానే చెల్లకుండా పోతుందా? అలాంటి పిల్లలకు పౌరసత్వానికి దారి చూపే డ్రీమ్ యాక్ట్ బిల్లు మొదట పెట్టింది 2001లో. ఇంతవరకూ చట్టం కాలేదు. డాకా ఇచ్చేది రెండేళ్లకోసారి రెన్యూ చేసుకునే తాత్కాలిక రక్షణ, పని అనుమతి, అంతే.

డల్లాస్ నాన్న:
ఆ బిల్లులో మా పిల్లలూ ఉన్నారని నాకు తెలియదండి. కోటా గురించి మీరన్నది నిజమే. అయినా ముందు లీగల్‌గా వచ్చినవాళ్లకే ఇవ్వాలన్న నా మాట మారదు. ఇంతకీ ఆ పాప ఏమైంది?

బ్రూక్లిన్ అమ్మ:
వాళ్లమ్మను కూర్చోబెట్టి ఫారం నేనే నింపాను. నా ఇంగ్లీషును పాపే చైనీస్‌లో చెప్పింది. ఆ గడి దగ్గరికొచ్చేసరికి వాళ్లమ్మ నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాలుగు రోజులకు పాప లంచ్ లైన్లో కనిపించింది, ట్రే రెండు చేతులతో గట్టిగా పట్టుకుని. వేసవి సెలవుల తర్వాత బడికి రాలేదు. ఇల్లు మారారన్నారు.